తప్పులేని మోర్టారు దళం

ప్రభుత్వం పెద్ద సైనికుల విషయంలో ఎన్ని తప్పులు చేసినా చెల్లుతుంది. చిన్న సైనికుల విషయంలో చెల్లదు. చిన్న సైనికులంటే జానెడు ఎత్తు కొయ్యబొమ్మలు. అవి పింఛను కోసం వరసలో నిలబడవు. ఆస్పత్రిలో మంచం అడగవు. అందుచేత వాటి మర్యాద కాపాడడం ఎవరికైనా సులువే.

ఆ ఏడాది జిల్లాలో పెద్దమనుషులందరికీ బొమ్మ సైనికుల మోజు పట్టుకుంది. అంతకుముందు ఏడు వాళ్ళు చిరుధాన్యాలు తిన్నారు. దాని ముందు ఏడు చెట్లు నాటి ఫోటోలు దిగారు. ఈసారి వంతు సైనికులది. బియ్యం మిల్లుల పరాంకుశం గారు ఈ మోజుకు అధ్యక్షులు. బంగారు గొలుసుకు భూతద్దం కట్టి మెడలో వేసుకునేవారు. ఒకనాడు జిల్లా కేంద్రంలోని వీరజవాను ప్రదర్శనశాలకు వెళ్ళి, ఆ భూతద్దంలోంచి చూసి, ఒక బొమ్మ హవల్దారు చొక్కాకు ఒక గుండీ తక్కువుందని కనిపెట్టారు. ఆ పూట ఆయన భోజనం చేయలేదు. ఆయన భోజనం చేయలేదన్న కబురు రాజధాని దాకా వెళ్ళింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని లఘు సైనిక ప్రతిమలన్నింటిలోనూ చారిత్రక అయథార్థతను సమూలంగా నిర్మూలించాలి. అందుకొక యథార్థతా సంఘం. సంఘానికి సంచాలకులు డాక్టర్ విశ్వపతి గారు. పాత గుళ్ళలో దీపాలకు నూనె దానం చేసిన వాళ్ళ శాసనాల మీద ఆయన పరిశోధన చేశారు. నూనె నుంచి తుపాకిమందుకు ఆట్టే దూరం లేదని పైవాళ్ళు అనుకున్నారు.

ఉత్తర్వు వచ్చే నాటికి నెమలివలస తవిటినాయుడికి భార్య పోయి నెల దాటింది.

తవిటినాయుడు వయసులో ఉండగా మోర్టారు దళంలో పనిచేశాడు. యుద్ధం వచ్చింది. ఒక కొండవాలు మీద నలుగురు మనుషులు, ఒక మోర్టారు. ఒక పంజాబీ నాయక్ చెయ్యెత్తి ఆజ్ఞ ఇచ్చేవాడు. ఒక మరాఠీ గురి చూసేవాడు. తవిటినాయుడు గుండును గొట్టంలోకి జారవిడిచేవాడు. లోకనాథం వెనక నిలబడి తరువాతి గుండు అందించేవాడు. లోకనాథానిది పక్క ఊరే. ఒక ఉదయం అవతలి నుంచి కూడా గుండు వచ్చింది. మిగిలిన ముగ్గురూ బతికారు. లోకనాథం ఇంటికి రాలేదు. అతని రేకుపెట్టె వచ్చింది. తెచ్చినవాడు తవిటినాయుడు.

ఆ పెట్టెను అందుకున్న చెల్లెలు ఆదెమ్మ. రెండేళ్ళకు తవిటినాయుడు ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. పెట్టె ఇచ్చి పిల్లను పట్టుకుపోయాడని ఊరు నవ్వుకుంది. కాపురం బాగానే సాగింది. ఒక్క లోటు. లోకనాథానికి ఫోటో లేదు. పెట్టెలో లేదు, ఇంట్లో లేదు. సైన్యంలో చేరినప్పుడు తీసినది ఆఫీసు గదిలోకి వరద వచ్చినప్పుడు పోయిందని జవాబు వచ్చింది. ఆదెమ్మ బతికినన్నాళ్ళూ దండ వేయడానికి గోడ మీద మొహం లేకపోయింది.

ప్రదర్శనశాల కట్టినప్పుడు జిల్లా నుంచి వెళ్ళిన మోర్టారు వాళ్ళ బొమ్మలు పెట్టాలనుకున్నారు. లక్కబొమ్మలు చేసే చింతాడ గురువులుకు పని ఇచ్చారు. మిగతా ముగ్గురి మొహాలూ తవిటినాయుడు చెప్పాడు. లోకనాథం మొహం చెప్పడానికి ఆదెమ్మ తానే బస్సెక్కి వెళ్ళి, గురువులు పాకలో పీట వేసుకు కూర్చుంది.

"ముక్కు ఇంకాసి నొక్కు గురువులన్నా. సిన్నప్పుడు మా అన్న ముక్కు మీద దూడ కాలేసింది."

"దూడ కాలేస్తే ముక్కు మిగుల్తదేటమ్మా?"

"మిగిలింది గాబట్టే సెప్తన్నాను. ఎడం సెవి బయిటికి రావాల. అలగ కాదు. గాలికి ఊగినట్టుండాల."

"అంకుడు కర్రమ్మా ఇది. గాలికి ఊగదు."

"నీకు నోరెక్కువ, సెయ్యి తక్కువ. మళ్ళీ సెక్కు."

మూడు కర్రలు పాడయ్యాక నాలుగో కర్రలో లోకనాథం దొరికాడు. ఆదెమ్మ బొమ్మను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి, "ఒక్క ఉత్తరం ముక్కయినా రాసినావేటి నువ్వు," అని దాని చెంప మీద వేలితో ఒక్కటి ఇచ్చింది. తరువాత చీరచెంగుతో తుడిచి గురువులు చేతికిచ్చింది.

ఆ ఎండాకాలమే ఆమె జ్వరం వచ్చి పోయింది. ప్రపంచంలో లోకనాథం మొహం ఇక ఒక్కచోటే మిగిలింది. అద్దాల బీరువాలో, నలుగురినీ నిలబెట్టిన చెక్కపలక మీద, జానెడు ఎత్తున. తవిటినాయుడు సంతరోజున జిల్లా కేంద్రానికి వచ్చి, ఆ అద్దం ముందు కాసేపు నిలబడి వెళ్ళేవాడు. బతికి ఉన్న సాక్షిగా యథార్థతా సంఘం తనను పిలిచిందని తెలిసినప్పుడు అతను సంతోషించాడు. తెలియని మనిషి.

సంఘం మొదటి సమావేశానికి పలకను బల్ల మీదికి తెచ్చారు. విశ్వపతి గారు నడిమి కుర్చీలో కూర్చున్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాని సహాయకుడు కిరీటి పక్కన కూర్చుని ఆయన అన్నవన్నీ రాసుకున్నాడు. దగ్గితే దగ్గు కూడా రాశాడు. గురువులు గోడవార నిలబడ్డాడు. పరాంకుశం గారు రాలేదు గాని భూతద్దం పంపారు.

విశ్వపతి గారు భూతద్దం లోకనాథం మీద పెట్టారు.

"ఈ ప్రతిమ నోరు తెరుచుకుని ఉన్నది."

"అవును బావూ. మోర్టారు మోతకి సెవులు పగిలిపోతాయి. సేతులు కాళీగా ఉన్నోడు సెవులు మూసుకుంటాడు. ఆడి సేతుల్లో గుండుంది. అందుకని నోరు తెరుస్తాడు."

"తెరవమన్న ఆదేశం ఏ స్థాయి నుంచి జారీ అయినది?"

"ఆదేశం ఏటి బావూ. తెరవకపోతే సెముడొస్తాది."

"అంటే అనధికారికంగా తెరిచాడు."

కిరీటి రాసుకున్నాడు. విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు.

"సంఘం ఎవరినీ నొప్పించ తలచుకోలేదు. అయితే యుద్ధభూమిలో తెరిచిన నోటిని భావితరాలు భయంగా అపార్థం చేసుకునే ప్రమాదం పొంచి ఉన్నది. తదనుగుణంగా నోరు మూయించవలెను."

గురువులు తవిటినాయుడి వంక చూశాడు. తవిటినాయుడు ఆలోచించాడు. నోరు మూసినా ముక్కు ఉంటుంది. చెవి ఉంటుంది. సరేనని తలూపాడు. గురువులు లక్క కరిగించి నోరు మూసేశాడు.

తరువాత కాళ్ళు. నలుగురూ గుడ్డబూట్లతో ఉన్నారు.

"తోలుబూట్లు మాకు అందలేదు బావూ. ఆ సలిలో గుడ్డబూట్లతోటే ఎక్కినాం. మరాఠీవోడికి కాలి ఏళ్ళు రెండు ఊడిపోయినాయి."

"సరఫరా శాఖ దస్తావేజుల ప్రకారం బూట్లు అందినవి."

"అందలేదు బావూ. కాళ్ళు నావి గదా."

"కాళ్ళు మీవే. దస్తావేజులు ప్రభుత్వానివి. ఆ రోజు మీరు తోలుబూట్లు వేసుకున్నారు నాయుడు గారూ. మీకు తెలియకపోవడం వేరే విషయం."

తవిటినాయుడు మళ్ళీ పలక వంక చూశాడు. ఒప్పుకోకపోతే ఈ పెద్దమనిషి భూతద్దాన్ని పైకి జరుపుతాడు. పైన మొహం ఉంది.

"ఏసుకునే ఉంటాను బావూ," అన్నాడు.

బొమ్మలకు నల్లలక్కతో తళతళలాడే బూట్లు తొడిగారు. ఆనాటి చలికి ఊడిన మరాఠీవాడి వేళ్ళు యథార్థంగా తిరిగి వచ్చాయి.

రెండో సమావేశం నాటికి కిరీటి ఒక సంగతి కనిపెట్టాడు. తప్పు దిద్దాలంటే పైనుంచి మంజూరు కావాలి. తప్పును తీసేయాలంటే ఏ మంజూరూ అక్కర్లేదు. ఈ సంగతి విన్నాక విశ్వపతి గారు లేచి నిలబడి కిరీటికి చెయ్యి కలిపారు. ఆ నెలలోనే కిరీటి ఉద్యోగం ఖాయమైంది.

ఇక పని చకచకా సాగింది. పలక మీద గడ్డిలాగా అతికించిన రంగు రంపపుపొట్టును గీకేశారు. ఆ కొండ మీద గడ్డి ఉన్నదని ధ్రువపరచమని రాస్తే, కొండ ఇప్పుడు సరిహద్దు అవతల ఉంది కాబట్టి గడ్డి సంగతి వాళ్ళనే అడగమని పైనుంచి జవాబు వచ్చింది. అడగడం మర్యాద కాదని మానేశారు.

తరువాత విశ్వపతి గారు సైనిక శిక్షణ పుస్తకం తెరిచారు.

"ఒక మోర్టారుకు అయిదుగురు సిబ్బంది అని నియమం. ఇక్కడ నలుగురున్నారు."

"అయిదోవోడు విరేచనాలతోటి కిందన పడుకుండిపోయినాడు బావూ."

"కారణం ప్రధానం కాదు. నియమం ప్రకారం అయిదుగురు లేనిదే మోర్టారు పేలరాదు. మీరు నలుగురు. కాబట్టి మోర్టారు పేలలేదు."

తవిటినాయుడికి ఒక చెవి నిజంగానే సరిగా వినపడదు. ఆ మోర్టారు వల్లనే. సరిగా విన్నానో లేదోనని కుర్చీ ముందుకు జరిపాడు.

"పేలింది బావూ. రోజల్లా పేల్చినాం."

"నియమ విరుద్ధంగా పేల్చామని మీరు సంఘం ఎదుట అంగీకరిస్తున్నారా? పింఛను తీసుకుంటున్నారు కదూ మీరు? ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించుకున్నాడు. పేలలేదన్నాడు.

పేలని మోర్టారుకు గుండ్లెందుకు? గుండ్లు తీసేశారు. గుండ్లు లేని మోర్టారును చూస్తే దేశరక్షణ మీద ప్రజలకు అనుమానం వస్తుంది. మోర్టారు తీసేశారు. ఇక పలక మీద నలుగురు మిగిలారు. ఒకడు ఉత్తినే చెయ్యెత్తాడు. ఒకడు వంగి ఏమీ లేనిచోట గురి చూస్తున్నాడు. ఇద్దరు ఖాళీ చేతులు చాచి నిలబడ్డారు.

"ఇది బిచ్చగాళ్ళ గుంపులా కనిపిస్తున్నది," అన్నారు విశ్వపతి గారు. "సైన్యానికి అవమానం."

పంజాబీ వాళ్ళనుంచీ మరాఠీ వాళ్ళనుంచీ అభ్యంతరం ఏదీ రాలేదు. వాళ్ళను ఎవరూ అడగలేదు కాబట్టి. ఇద్దర్నీ తీసేశారు. మిగిలినది తవిటినాయుడు, లోకనాథం.

"బావూ," అన్నాడు తవిటినాయుడు, "నన్ను తీసియ్యండి. నానింకా బతికే ఉన్నాను. నాకు బొమ్మెందుకు. ఆణ్ని ఉంచండి."

విశ్వపతి గారు మెచ్చుకున్నారు. "బతికున్న వ్యక్తి ప్రతిమను ఏటేటా అతనితో సరిపోల్చి మీసం తెల్లబరచవలసి వచ్చేది. మీరు సంఘం శ్రమ తగ్గించారు."

తవిటినాయుడి బొమ్మను అతని కళ్ళ ముందే అట్టపెట్టెలో వేశారు. అతను తలతిప్పి కూడా చూడలేదు. పలక నడుమ లోకనాథం ఒక్కడే నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుని, మెరిసే బూట్లతో, ఏమీ లేని చేతులు చాచి. కాని ముక్కు చప్పిడిగానే ఉంది. చెవి బయటికే ఉంది. అదే చాలనుకున్నాడు.

మూడో సమావేశంలో భూతద్దం మొహం మీదికి వచ్చింది.

"ఈ ముఖానికి ఆధారమేమిటి?"

"మా ఇంటిది సెప్పింది బావూ. ఆడి సెల్లెలు."

"ఆవిడను పిలిపించండి."

"సచ్చిపోయింది."

విశ్వపతి గారు తల వంచి, తగినంతసేపు ఉంచి, ఎత్తారు. "సంఘం సానుభూతి నమోదు చేయబడినది. ఛాయాచిత్రం?"

"లేదు. నాను సెప్తాను బావూ. ఆడితో పాటు ఒకే కంచంలో తిన్నాను. ఆడి మొకం ఇదే. దేవుడి మీద ఒట్టు."

"మృతుడు మీకేమవుతాడు?"

"మా ఇంటిదాని అన్న."

"అంటే మీరు బంధువు. బంధువు సాక్ష్యం యథార్థతకు చెల్లదు."

"ఆ రోజుకి నాకు పెళ్ళి అవలేదు బావూ. ఆ రోజుకి ఆడు నాకు ఏటీ కాడు."

"తరువాత అయ్యాడు కదా. చరిత్రను మనం తరువాతే చూస్తాము."

"ఆడి ఊళ్ళో అడగండి. ముసిలోళ్ళున్నారు. ఆణ్ని సూసినోళ్ళే."

"వారు మృతుడికేమవుతారు?"

తవిటినాయుడు వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాడు. ఊళ్ళో అందరికీ అందరూ ఏదో ఒక వరస.

"చూసినవారు బంధువులు. బంధువులు కానివారు చూడలేదు," అన్నారు విశ్వపతి గారు. "సంఘం చేతులు కట్టివేయబడి ఉన్నవి. ఆధారం లభించేవరకు ముఖాన్ని ఉపసంహరించవలెను."

తవిటినాయుడికి ఆ మాట అర్థం కాలేదు. కిరీటి గురువులు చేతికి గరుకు కాగితం అందించినప్పుడు అర్థమైంది.

"గురువులూ, ఒద్దురా," అన్నాడు.

గురువులు బొమ్మను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

"నాను గీకకపోతే ఆళ్ళు గీకీస్తారు నాయుడు బావూ. ఆళ్ళకి సెయ్యి తిరగదు. మెడకాయ ఇరిసీగల్రు."

"మా ఆదెమ్మ నీ పాకలో మూడ్రోజులు కూకుంది గదరా."

"కూకుంది. నాను మర్సిపోయినానేటి? నన్ను తిట్టిన తిట్లన్నీ ఇంకా సెవుల్లోనే ఉన్నాయి." గురువులు చెవి దగ్గర మొదలుపెట్టాడు. "ఇటు సూడకు. బయిటికెల్లి టీ తాగిరా."

తవిటినాయుడు బయటికి వెళ్ళలేదు. గరుకు కాగితం చప్పుడు అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. గురువులు బొమ్మను తెచ్చి బల్ల మీద పెట్టి, వేళ్ళకంటిన పొట్టును దులపకుండా పిడికిలి మూసుకున్నాడు. మెడ మీద కోడిగుడ్డు లాంటిది ఒకటి ఉంది. నున్నగా.

విశ్వపతి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చాలా తృప్తిపడ్డారు. కిరీటి ఒక చిన్న సందేహం వెలిబుచ్చాడు. మొహం లేని సైనికుణ్ణి ఫలానా సైనికుడని ఎలా అనగలం? అనలేం. ఫలానా వాడు కాని వాడు పలక మీద ఉండవచ్చునా? ఉండరాదు. తీసేశారు.

పలక ఖాళీ అయింది. ఇక దానిలో వేలుపెట్టి చూపడానికి ఒక్క తప్పయినా లేదు. ఇత్తడి రేకు మీద చెక్కించారు: "మోర్టారు దళం. చారిత్రకంగా సంపూర్ణ యథార్థం."

ప్రారంభోత్సవానికి పరాంకుశం గారే ముఖ్య అతిథి. అద్దం తలుపు తీయించి, పలక మీదికి వంగి, భూతద్దంతో ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్ళారు. ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చారు. ఆయన లేచి నిలబడి జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"దేశమంతా తిరిగాను. ఇంత తప్పులేని మోర్టారు దళాన్ని నేనెక్కడా చూడలేదు," అన్నారు.

బడిపిల్లల్ని వరసగా నడిపించి పలకకు వందనం చేయించారు. పత్రికల వాళ్ళు పలకను ఫోటో తీశారు. రాష్ట్రంలో మిగతా ప్రదర్శనశాలల వాళ్ళు ఈ పద్ధతి చూసి నేర్చుకోవడానికి వచ్చారు. ఒక ఊరివాళ్ళు అశ్వికదళాన్ని అప్పటికే సగం తీసేశామని, గుర్రాలు మిగిలాయని సలహా అడిగారు.

తరువాత సన్మానం. మొదటి వరసలో కూర్చోబెట్టిన తవిటినాయుణ్ణి వేదిక మీదికి పిలిచారు. విశ్వపతి గారు శాలువా కప్పారు. జరీకాగితం చుట్టిన పెట్టె ఒకటి చేతిలో పెట్టారు.

"సంఘానికి నాయుడు గారు అందించిన సహకారం అమూల్యం. అడిగిన ప్రతిదానికీ ఒప్పుకున్నారు. ప్రదర్శన నుంచి తొలగించిన ప్రతిమను వారికి జ్ఞాపికగా బహూకరిస్తున్నాము. అది ఎవరిదీ కాదు గనుక ఎవరికైనా ఇవ్వవచ్చును."

తవిటినాయుడు పెట్టె తెరిచాడు. బొమ్మను తీసి చూశాడు. హాలు చివర తలుపు దగ్గర నిలబడ్డ గురువులు తల దించుకున్నాడు. తవిటినాయుడు బొటనవేలితో ఆ నున్నటి గుడ్డును ఒకసారి తడిమాడు. ముక్కు ఉండాల్సిన చోట వేలు జారిపోయింది. మరోసారి తడిమాడు. మళ్ళీ జారింది.

మైకు ముందుకు వచ్చాడు. అతనికి ఉపన్యాసాలు తెలియవు.

"ఈ బొమ్మ నాకొద్దు," అన్నాడు. "ఇది మా లోకనాథం కాదు. లోకనాథం మిగుల్తాడేమోనని నోరు మూస్తే ఊరుకున్నాను. ఎయ్యని బూట్లు ఏసుకున్నానన్నాను. పేల్చిన మోర్టారు పేల్చలేదన్నాను. ఇప్పుడు సూస్తే మొకవే లేదు."

విశ్వపతి గారు వినమ్రంగా నవ్వుతున్నారు. మైకు ముందు ఎవరు ఏం చెప్పినా ఆయన అలాగే నవ్వుతారు.

"అలగని ఎవుల్దీ కాదంటే నానొప్పుకోను," అన్నాడు తవిటినాయుడు. "సూడండి. సెవి లేదు, ఎవరేటి సెప్పినా ఇనబడదు. కళ్ళు లేవు, ముందరున్నది అవుపడదు. మొకం లేదు గాబట్టి సిగ్గుపడే పని లేదు. కాళ్ళకి మట్టుకు బురద తగలని బూట్లున్నాయి. ఇలగుండే మనిషి నా ఎరికలో ఒక్కరే ఉన్నారు."

బొమ్మను తీసుకెళ్ళి విశ్వపతి గారి చేతిలో పెట్టాడు.

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. పరాంకుశం గారు లేచారు. వృత్తిధర్మం ఆయన్ను కూర్చోనివ్వలేదు. భూతద్దం తీసి బొమ్మను చూశారు. విశ్వపతి గారి మొహాన్ని చూశారు. మళ్ళీ బొమ్మను చూశారు.

"ఒక్క తప్పు కూడా దొరకడం లేదండీ," అన్నారు గౌరవంగా.

విశ్వపతి గారు నవ్వు చెదరకుండా బొమ్మ వంక చూశారు. ఆయన బొమ్మను ఇంతవరకు ఎవరూ చేయలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తోచినట్టుంది. బొమ్మను కాస్త ఎత్తి పట్టుకుని, వెలుతురు పడేలా తిప్పారు.

"పోలిక ఉన్నదనే అనుకుందాము. అయితే ఆధారం కావలెను. ఇది నా ప్రతిమ అని సాక్ష్యం చెప్పేదెవరు?"

"నాను సెప్తాను," అన్నాడు తవిటినాయుడు. "మూడు సమావేశాలు ఎదరన కూకొని నా కళ్ళతోటి సూసినాను."

"మీరు నాకు బంధువా?"

"దేవుడి దయ. కాను."

"అయితే సాక్ష్యం చెల్లుతుంది," అన్నారు విశ్వపతి గారు. కిరీటి రాసుకున్నాడు.